వాసాల లెక్క

సీసాకి రబ్బరు పీక తొడిగి
ముంజేతి మీద రెండు చుక్కలు వేసుకుని చూసేదాన్ని,
నా పిల్లలకి చూసినట్టే.
పది రోజుల కూన. కళ్ళు అప్పుడప్పుడే విడుతున్నాయి.
కంచె అవతల దాని తల్లి
మూడు రాత్రులు అరిచి
నాలుగో రాత్రి ఊరుకుంది.
ఊరుకుంది కదా అని మళ్ళీ జత కట్టించారు.

నా పేరు మోట్లాలెపులా. వానతో వచ్చిన పిల్ల అని.
వోల్మరాన్‌స్టాడ్ దాటాక మట్టిరోడ్డు,
మొక్కజొన్న చేలు ఆగిపోయిన చోట కంచె.
అక్కడ పదకొండేళ్ళు పనిచేశాను.

సెలవుల్లో దూరదేశాల పిల్లలు దిగేవారు
డబ్బు కట్టి మరీ పెంట ఎత్తడానికి.
"దీనికి అమ్మ లేదా?" అంది ఫెంకె అనే డచ్చి పిల్ల.
"అనాథ, తల్లీ" అన్నాను.
అలా అనమని జీతం.
ఆ పిల్ల కూనని గుండెకి అదుముకుని ఏడ్చింది.
ఆ ఏడుపు మాత్రం నిజం.

కూనలు పెరిగేవి. జూలు నల్లబడేకొద్దీ ధర ఎక్కేది.
ఆరో తరగతి చదివాను నేను. అంకెలొచ్చు.
మేత పుస్తకంలో ముందు నుంచి చచ్చిన కోళ్ళ లెక్క, యజమానిది.
తిరగేస్తే వెనక నుంచి నాది:
చెవి నెంబరు, పుట్టిన రోజు,
పాలు మాన్పించిన రోజు, ట్రక్కు ఎక్కించిన రోజు.
ఆ పక్క గడి ఖాళీ.

నలభై ఒకటికి పేరు పెట్టాను.
పెట్టకూడదు. పెట్టాను.
సెగ్వాగ్వా. మా మాటలో కప్ప.
పాలసీసా చూస్తే అలా గెంతేవాడు వెధవ.

మాహికెంగ్‌లో విచారణ రోజు
పెద్ద ఫొటో ఒకటి గోడకి ఆనించారు.
మోకాలి మీద కూర్చున్న మనిషి, తుపాకి, కొత్త టోపీ.
పక్కన రాయి మీద ఎత్తిపెట్టిన తల.
ఎడమ చెవికి చిన్న చిరుగు.
ఆ చిరుగు నాకు తెలుసు, మందు రాసింది నేనే.
"మృగం మీదికి వచ్చింది" అన్నాడు వాళ్ళ వకీలు,
"క్షణం ఆలస్యమైతే ప్రాణం పోయేది."

వచ్చాడు, అన్నాను.
దుబాసీ కుర్రాడు ఆగాడు.
"అమ్మా, రావడమా? మీదికి రావడమా?"
రావడమే, నాయనా.
ఆ రోజు ట్రక్కు వెనక కోళ్ళ గోనె పట్టుకుని నేనే ఉన్నాను.
వాడు కదలకుండా పడుకుంటే పిలవడానికి నన్ను తెచ్చారు.
ఆ డొక్కు తలుపు కిర్రుమంటే వాడికి అన్నం వేళ.
తోక ఎత్తాడు. గుర్రుమనలేదు.
నా వైపే వచ్చాడు.

బయట మెట్ల మీద యజమాని ఎదురయ్యాడు,
ముసలి ఒకర్ట్, ఎండకి కమిలిన మెడ.
"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే" అన్నాడు.
లెక్కపెట్టాను, దొరా.
మూడు వందల పన్నెండు వాసాలు.
వాటి మీదే కదా నీ ఇల్లు నిలబడింది.
ఆ కప్పు కిందే నా పిల్లలూ తిన్నారు,
అది కూడా లోపల చెప్పే వచ్చాను.

వీధిలో అట్టముక్కలు పట్టుకుని ఓ ముప్పై మంది.
అందులో ఫెంకె. జుట్టు కత్తిరించుకుంది,
గొంతు బొంగురుపోయింది అరిచి అరిచి.
ఆరేళ్ళ తర్వాత తన డబ్బుతో తనే వచ్చింది
ఈసారి పెంట ఇంకో రకం, అని నవ్వింది.
నవ్వు సగంలో ఆపి
"నేను ఎత్తుకున్నది ఏమైంది?" అంది.

అనాథ అన్న నోరే నాది.
ఇంకొకటి చెబితే ఆ పిల్ల నమ్మేది,
నమ్మాలనే చూస్తోంది.

పుస్తకం కోర్టువాళ్ళు ఉంచేసుకున్నారు,
నకలు కాగితాలు నా సంచిలో.
తీసి ఒడిలో పరిచాను.
ఇరవై ఏడు.
ఆ పిల్ల వేలు వరస వెంట నడిచింది,
పుట్టిన రోజు, పాలు మాన్పించిన రోజు, ట్రక్కు,
అక్కడితో కాగితం తెల్లగా ఉంది.
వేలు అక్కడే పెట్టి చాలాసేపు తియ్యలేదు.